అంటించిన స్టిక్కరు ఊడకుండా ఉండాలంటే

సిరిసిల్లకు పోయినా, వేములవాడకు పోయినా రోడ్డు పక్కన "రేడియం" అని రాసిన చిన్న షాపు కనబడుతుంది. బండి నంబరు ప్లేటు మీద అంకెలు, ఆటో వెనుక అద్దం మీద పిల్లల పేర్లు అంటించేది వాళ్లే. ఆ స్టిక్కర్లలో రేడియం ఏమీ ఉండదు. క్యూరీ దంపతులు 1898లో కనుగొన్న ఆ లోహంతో ఒకప్పుడు గడియారాల ముళ్లకు చీకట్లో మెరిసే రంగు వేసేవారు. మన దగ్గర స్టిక్కరుకు ఆ పేరు నిలిచిపోయింది, అంతే. షాపువారు వాడేది వినైల్, అంటే పి.వి.సి. ప్లాస్టిక్ పొర. దాని వెనుక జిగురు ఉంటుంది. కనుక "రేడియం ముట్టుకుంటే క్యాన్సర్ వస్తుందా సిస్టరమ్మా" అని అడిగేవారు నిశ్చింతగా ఉండవచ్చును.

ఆసుపత్రిలో ఈ స్టిక్కరు అలంకారం కోసం కాదు. వార్డులో చెత్త డబ్బాలు నాలుగు రంగుల్లో ఉండటం మీరు గమనించే ఉంటారు. 2016 నాటి బయో మెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం రక్తం అంటిన దూది, కట్లు, కాన్పు తరువాత మాయ పసుపు రంగులోకి పోవాలి. సెలైన్ గొట్టాలు, గ్లోవ్స్ ఎరుపులోకి, మందుల గాజు సీసాలు నీలంలోకి, సూదులు, బ్లేడ్లు గుచ్చినా చిల్లు పడని తెల్ల డబ్బాలోకి పోవాలి. వాటి మీద మూడు కొమ్ములు కలిసినట్టుండే గుర్తు ఉండాలి. 1966లో అమెరికాలో తయారు చేసిన గుర్తు అది. ఆ లేబుల్ కడిగితే పోనిదై, బాగా కనబడేలా ఉండాలని కూడా నిబంధనల్లోనే ఉంది.

ఈ ఒక్క మాట కోసమే ఈ వ్యాసం. స్టిక్కరు సగం ఊడి వేలాడుతుంటే పేషెంటు వెంట వచ్చినవారు అరటి తొక్క వేస్తారు, కొత్తగా చేరిన అమ్మాయి తొందరలో సూది వేస్తుంది. మరునాడు పొద్దున ఆ సంచి ఎత్తేది మన స్వీపరమ్మ. పేషెంటుకు హెపటైటిస్-బి ఉండి, ఆమె టీకా వేయించుకోకపోతే, ఒక్క సూది పోటుతో జబ్బు అంటుకునే ప్రమాదం నూటికి 30 దాకా ఉంటుంది. హెచ్.ఐ.వి. అయితే వెయ్యికి 3. అందుకే స్టిక్కరు ఎలా అంటించాలో నేర్పడం కూడా నర్సింగ్ పనే అని నేను అంటాను.

నర్సుకు ఇది కొత్త విద్య కాదు. చేతికి సెలైన్ సూది పెట్టి ప్లాస్టర్ వేసేటప్పుడు ఏం చేస్తాం? చెమట తుడుస్తాం, చర్మం ఆరనిస్తాం, ప్లాస్టర్‌ను లాగకుండా పరుస్తాం, వేలితో ఒత్తుతాం. వినైల్ జిగురు కూడా అలాంటిదే, ఒత్తిడితో పట్టుకునేది. అంటించిన క్షణాన సగం పట్టు కూడా రాదు. ఒక రోజు గడిస్తేగానీ పూర్తిగా పట్టదు. అందుకే కొత్తగా అంటించిన డబ్బాను ఆ రోజే కడగరాదు.

ముందు శుభ్రం. సబ్బు నీటితో కడిగి, మంచినీటితో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, చివరగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో ఒకసారి తుడవాలి. చేతులకు రుద్దుకునే శానిటైజర్ మాత్రం వాడకండి. చర్మం ఎండిపోకుండా అందులో గ్లిజరిన్ కలుపుతారు. అది అద్దం మీద పొరలా మిగిలి జిగురును పట్టనివ్వదు. కొన్ని రకాల సర్జికల్ స్పిరిట్‌లో ఆముదం ఉంటుంది, దానితోనూ ఇదే గతి. సీసా మీద చదివి చూడండి.

అద్దం, స్టీలు, నున్నని టైల్స్ మీద స్టిక్కరు చక్కగా పడుతుంది. సున్నం గోడ మీద పడదు. పొడి రాలుతుంటే జిగురు పట్టుకునేది గోడను కాదు, ఆ పొడిని. కొత్తగా రంగు వేసిన తలుపుకు కొన్ని వారాలు ఆగాలి. అన్నింటికంటే మొండివి ఈ ప్లాస్టిక్ డబ్బాలే. పాలిథిన్ జాతి ప్లాస్టిక్ మీద నీటి చుక్క పరచుకోకుండా ముత్యంలా నిలుస్తుంది, జిగురు కూడా అంతే. వాటికి గట్టి జిగురున్న రకం కావాలని షాపులో చెప్పి తీసుకోవాలి. గరుకు గీతలున్న మూత మీద కాక, చదునైన పక్క చూసి వేయాలి.

అక్షరాల స్టిక్కరు మూడు పొరలుగా వస్తుంది. కింద మైనపు కాగితం, మధ్యలో కోసిన అక్షరాలు, పైన వాటిని ఎత్తి పట్టే టేపు. మిషన్ కోసిన తరువాత అక్షరాల చుట్టూ మిగిలిన వినైల్‌ను పొలంలో కలుపు తీసినట్టు ఏరేస్తారు. తెలుగుకు ఇక్కడే చిక్కు. మన ఒత్తులు, సున్నాలు విడి ముక్కలు. "రక్తం" అని రాసి కోస్తే క కింది త వత్తు చెత్తతో పాటు లేచిపోతుంది, ఫ్రిజ్ మీద "రకం" మిగులుతుంది! "మందు"లో సున్న పోతే ఇక చెప్పేదేముంది. అందుకని అక్షరం లావుగా, కనీసం రెండంగుళాల ఎత్తున కోయించండి. షాపులోనే ఒత్తులన్నీ ఉన్నాయా అని చదివి చూసి డబ్బులివ్వండి.

ఇక అంటించడం. స్టిక్కరును చోటు మీద పెట్టి, కొలిచి, పై అంచు పొడవునా ఒక మాస్కింగ్ టేపు వేయండి. అది తలుపు బందులా పనిచేస్తుంది. ఇప్పుడు పైకెత్తి, వెనుక కాగితం కొంచెం కొంచెంగా లాగుతూ, గుడ్డ చుట్టిన పాత ఏటీఎం కార్డుతో మధ్య నుండి అంచులకు ఒత్తుతూ రండి. పైనున్న టేపు తీసేటప్పుడు తన మీదికే తాను మడిచినట్టు మెల్లగా తీయాలి. అక్షరం దానితో లేస్తే మళ్లీ ఒత్తి తీయండి. పెద్ద అద్దం తలుపైతే లీటరు నీటిలో రెండు మూడు చుక్కల షాంపూ కలిపి చల్లి అంటిస్తే, అటూ ఇటూ జరుపుకోవడానికి వీలు ఉంటుంది. తరువాత నీరంతా బయటికి తోసేయాలి. సన్న అక్షరాలకు ఈ తడి పద్ధతి వద్దు.

బుడగ వస్తే అంచున గుండుసూదితో పొడిచి గాలి తోయండి. సిరంజి సూదితో కాదు. వార్డులో సూది చేతిలో పట్టుకుని స్టిక్కరు పని చేసేవారిని నేను సహించను.

మూలలు గుండ్రంగా కత్తిరించండి. చదరపు మూల ముందు లేస్తుంది. లేచిన చోట మురికి చేరుతుంది, తుడిచే గుడ్డకు తగిలి ఇంకా చిరుగుతుంది. మన వేసవిలో ఎండకు కాలిన రేకు మీద మధ్యాహ్నం అంటించరాదు, వినైల్ మెత్తబడి సాగుతుంది, సాగినది మళ్లీ ముడుచుకుంటుంది. ఫ్రిజ్ తలుపు మీద చెమ్మ ఉంటే తుడిచి ఆరనివ్వండి.

పాత స్టిక్కరు తీయాలంటే హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెట్టి, ఒక మూల నుండి మెల్లగా లాగాలి. మిగిలిన జిగురుకు కొబ్బరి నూనె రాసి, కాసేపాగి సబ్బుతో కడగాలి. తీసిన ముక్కలను కాల్చకండి. పి.వి.సి.ని మంటలో వేస్తే ఘాటైన ఆమ్ల వాయువు, డయాక్సిన్లు అనే విషాలు వస్తాయి. క్లోరిన్ ఉన్న ప్లాస్టిక్ సంచులు, గ్లోవ్స్ మానేయాలని ఆసుపత్రులకు 2016 నిబంధనల్లో చెప్పింది కూడా ఇందుకే.

ఇంటి దగ్గర మీకు దీని అవసరం ఎక్కువగా పడేది ట్రాక్టరు ట్రాలీకి. వరి కోతల కాలంలో కోనరావుపేట చుట్టుపక్కల రోడ్ల మీద రాత్రి వడ్ల ట్రాలీ ఆగి ఉంటే వెనుక నుండి బైకు మీద వచ్చే పిల్లగాడికి అది కనబడదు. మెరిసే టేపు వెనుక ఎరుపు, ముందు తెలుపు వేయాలి. తుప్పును ఇసుక కాగితంతో గీకి, కడిగి, ఆరాక వేయండి. వంకర రేకు మీద పొడవాటి ముక్క కంటే చిన్న చిన్న ముక్కలే నిలుస్తాయి. బురద కప్పిన టేపు మెరవదు కనుక, ట్రాలీ కడిగిన ప్రతిసారీ దాని మీద ఒక తడిగుడ్డ వేసి తుడవండి.