బొమ్మ వెనుక నేల

యానిమేషన్ సినిమా చూసినవాళ్లు ఎక్కువగా పాత్రల గురించే మాట్లాడుకుంటారు. ఆ పాత్రలు ఏ ఊళ్లో తిరిగాయో, అక్కడి ఎండ ఎలాంటిదో, మట్టి ఏ రంగుదో చెప్పేది మాత్రం వాటి వెనకున్న చిత్రం. దాన్నే బ్యాక్‌గ్రౌండ్ ఆర్ట్ అంటారు. యానిమేషన్ పనిలో హైదరాబాద్‌కు ఇప్పటికే మంచి పేరుంది. 2008లో మొదలైన ఛోటా భీమ్ పుట్టింది ఇక్కడే. అయితే తెలుగు నేల మీద నడిచే కథకు ఎక్కడిదో తెలియని అడవినీ, ఎవరిదో తెలియని కోటనూ వెనక నిలిపితే ఆ కథకు చిరునామా ఉండదు. ఆ నేపథ్యాన్ని చేత్తో గీయించాలి. గీయగల చేతులు జనగామ పొరుగున చేర్యాలలోనే ఉన్నాయి.

చేత్తో వేసిన నేపథ్యం గొప్పదనం వివరాలు ఎక్కువగా ఉండటంలో లేదు, ఏది వదిలేయాలో తెలియడంలో ఉంది. 1942లో వచ్చిన డిస్నీ చిత్రం 'బాంబీ' దీనికి మంచి ఉదాహరణ. మొదట్లో ఆకు ఆకూ గీసిన అడవిలో జింకపిల్ల కనిపించకుండా పోయేది. చైనాలో పుట్టిన చిత్రకారుడు టైరస్ వాంగ్, సోంగ్ వంశ కాలపు ప్రకృతి చిత్రాలను మనసులో పెట్టుకుని, చూపు నిలవాల్సిన చోటే వివరం ఉంచి మిగతా అడవిని పొగమంచులా పలచబరిచాడు. దాంతో జింక ముందుకొచ్చింది, అడవి మరింత లోతుగా తోచింది.

ఈ ఎరుక చేర్యాల పటానికి, అంటే కథ చెప్పేందుకు పొడవాటి గుడ్డ మీద వేసే బొమ్మల చుట్టకు, తరతరాలుగా ఉంది. ఒకప్పటి వరంగల్ జిల్లాలోని చేర్యాల 2016 నుంచి సిద్దిపేట జిల్లాలో ఉంది. ఈ పటాలు వేసే ఇక్కడి చిత్రకారులైన నకాషీలు ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూతల మీద పూతలు వేసి ఆరబెడతారు. ఆరిన గుడ్డ మీద నేరుగా కుంచెతోనే బొమ్మల రూపం గీసి, చుట్టూ ఉన్న జాగానంతా ఎర్రరంగుతో నింపుతారు. తర్వాత ఒంటి రంగులు, బట్టలు, నగలు వేసి, చివర్న సన్నటి నల్లగీతతో బొమ్మకు ప్రాణం పోస్తారు. ఒకటి రెండు చెట్లుంటే అది అడవి, రెండు స్తంభాలూ ఒక తెరా ఉంటే రాజసభ. ఎర్రటి నేల మీద మనిషి బొమ్మ దూరానికి కూడా స్పష్టంగా ఆనాలి, ఎందుకంటే దాన్ని చూసేది ఊరి జనం గుంపు. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పినా, మందహెచ్చులవారు గొల్లలకు కథ చెప్పినా, పటాన్ని మెల్లగా విప్పుతూ ఒక్కో గడినీ చూపిస్తూ పాడతారు. కథ వరస, చూపు నడక, నేపథ్యం పొదుపు అన్నీ ముందే లెక్కేసుకుని వేసిన బొమ్మలివి. యానిమేషన్‌కు కావలసినవీ ఇవే.

ఖర్చు మాటేమిటన్నది మొదటి అభ్యంతరం. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున తొంభై నిమిషాల సినిమాకు 1,29,600 ఫ్రేములు కావాలి. అయితే అన్ని నేపథ్యాలు అక్కర్లేదు. పాత్ర కదిలినా వెనకున్న చిత్రం సాధారణంగా షాట్ పొడుగునా అదే ఉంటుంది. అదే చోట జరిగే వేరే షాట్లకూ దాన్ని వాడుకోవచ్చు. 2017 నాటి 'లవింగ్ విన్సెంట్' కోసం వందమందికి పైగా చిత్రకారులు దాదాపు 65,000 ఫ్రేములను తైలవర్ణాలతో వేశారు. దాని పక్కన పెడితే నేపథ్యాలు మాత్రం చేత్తో వేయడం చాలా చిన్న పని. చిత్రాన్ని స్కాన్ చేశాక కదలికలూ కూర్పూ కంప్యూటర్ చూసుకుంటుంది. రెంటికీ పోటీ పెట్టాల్సిన పనిలేదు.

సినిమా మొత్తం ఎర్రగా ఉంటే కళ్లు అలసిపోవా అన్నది ఇంకో ప్రశ్న. న్యాయమైనదే. పటం నుంచి తీసుకోవాల్సింది పద్ధతిని. రంగును కథ జరిగే చోటు ఇస్తుంది. ఉదాహరణకు, భూపాలపల్లి జిల్లా పాండవుల గుట్టల్లో ఇసుకరాతి పొరలున్నాయి, వాటి నీడన ఆదిమానవులు వేసిన బొమ్మలున్నాయి. మహబూబాబాద్ జిల్లాలో కాకతీయుల నాటి బయ్యారం చెరువుంది, ఇనుప రాయి కలిసిన నేల ఉంది, 1939లో ప్రారంభమైన డోర్నకల్ చర్చి ఉంది. గుట్టకు ఒక రంగుల వరస, చెరువుకు మరొకటి పెట్టుకోవచ్చు. 2020లో ఐర్లండ్ నుంచి వచ్చిన 'వుల్ఫ్‌వాకర్స్'లో ఊరిని చెక్క అచ్చుల్లాంటి బిగుసు గీతలతో, అడవిని వదులైన పెన్సిల్ గీతలతో, నీటిరంగులతో వేశారు. రెండు శైలులు ఒకే కథలో ఇమిడాయి, పైగా ఊరికీ అడవికీ ఉన్న వైరాన్ని మాట లేకుండా చెప్పాయి.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం, పటంలోని పువ్వులనూ అంచులనూ స్కాన్ చేసుకుని స్టూడియో లాభపడుతుంది, నకాషీకి ఏమీ దక్కదన్నది. ఆ భయం నిజమైనదే. చేర్యాల పటానికి ఉన్న భౌగోళిక గుర్తింపు (జీఐ) ఆ పేరును కాపాడుతుంది తప్ప కళాకారుడికి దానంతటదే పని ఇవ్వదు. అందుకని నకాషీని చివర్లో అలంకారం కోసం పిలవకూడదు. స్టోరీబోర్డు గీసేటప్పుడే, ఏ దృశ్యంలో ఏముండాలి, ఏది వద్దు అని తేల్చే బల్ల దగ్గర ఆయనకు కుర్చీ వేయాలి. టైటిల్స్‌లో పేరూ, ఒప్పందంలో వాటా రాసివ్వాలి. అలా చేసిన నిర్మాతకు ఏ సాఫ్ట్‌వేరూ అమ్మలేనిది దక్కుతుంది: ఈ నేలను చూడటం ఎరిగిన చూపు.