నూజివీడు నుంచి ఢిల్లీ... మామిడికి ఎంత దూరం?

గన్నవరంలో విమానం ఎక్కితే ఢిల్లీకి రెండున్నర గంటలు, అటూఇటూగా. అదే ఊరికి లారీలో వెళ్లే మామిడికాయకు మూడు, నాలుగు రోజులు! ఆ తేడాలోనే ఉంది మన రసాల కథ.

వేసవి వచ్చిందంటే నూజివీడు, ఆగిరిపల్లి, విస్సన్నపేట, రెడ్డిగూడెం... ఎటు చూసినా మామిడి తోటలే. చిక్కం కట్టిన గెడలతో కాయ దించడం, సొన అంటకుండా గంపల్లో సర్దడం, నున్న మార్కెట్‌కు తోలడం. అక్కడి నుంచి చాలా కాయ ఉత్తరాదికి బయల్దేరుతుంది. మరి ఢిల్లీ ఎంత దూరం? దారిని బట్టి జవాబు మారుతుంది.

మూడు దారులు... మూడు లెక్కలు

పటం మీద తిన్నగా గీత గీస్తే గన్నవరం నుంచి ఢిల్లీ విమానాశ్రయానికి సుమారు 1,390 కిలోమీటర్లు. విజయవాడ నుంచి రైలు పట్టాల మీద అయితే దాదాపు 1,750. హైదరాబాద్, నాగ్‌పూర్‌ల మీదుగా రోడ్డున వెళితే 1,850 దాకా.

జెట్ విమానం గంటకు 800 కిలోమీటర్లకు పైనే పోతుంది కదా, మరి గంటా ముప్పావులో చేరొద్దూ? అనిపిస్తుంది. కానీ టికెట్ మీద వేసే సమయం గాల్లో ఉన్నంతసేపే కాదు. నిలిపిన చోటు నుంచి కదలడం, రన్‌వే దాకా నడవడం, పైకి లేవడం, మెల్లగా దిగడం, మళ్లీ నిలవడం అన్నీ కలిపి కట్టే లెక్క అది. గాలిలోనూ విమానం గీత గీసినట్టు పోదు, నిర్ణయించిన మార్గాల్లోనే వెళ్లాలి. ఢిల్లీ లాంటి రద్దీ చోట దిగడానికి వరస కోసం చక్కర్లూ కొట్టాల్సి రావచ్చు.

కాయకూ ఓ గడియారం

చెట్టు దిగిన మరుక్షణం నుంచి మామిడికి లెక్క మొదలు. పక్వానికి వచ్చిన కాయ వేసవి వేడిలో వారం, పది రోజుల్లో పండిపోతుంది. అందులో సగం దారిలోనే పోతే అమ్ముకునే గడువెంత? గట్టి కండ ఉన్న బంగినపల్లి ఆ ప్రయాణాన్ని తట్టుకుంటుంది. ఢిల్లీ వాళ్లు దాన్ని ‘సఫేదా’ అని పిలుచుకుంటారు. 2017లో భౌగోళిక గుర్తింపూ వచ్చిందా పండుకు. రసాల సంగతి వేరు. పిసికి, జుర్రుకు తినాల్సిన పండు... లారీ కుదుపులకు అదెక్కడ ఆగుతుంది?

దూరం తెచ్చే చిక్కు మరొకటుంది. త్వరగా మార్కెట్ అందుకోవాలని పక్వం రాకముందే కోస్తే కాయ రంగు తిరుగుతుందేమో కానీ రుచి రాదు. అలాంటప్పుడే కొందరు కార్బైడ్ జోలికి పోతారు. చట్టం దాన్ని నిషేధించింది. పరిమితికి లోబడి ఇథిలీన్ వాయువుతో మాగబెట్టడానికే అనుమతి ఉంది.

రోజుల తరబడి దారిలో నలగలేని పండుకు విమానం మంచి దారే. కానీ కిలోకు అయ్యే ఖర్చు పండు ధరను మింగేస్తుంది. అందుకే దూరం ఊరుకునే ఉండదు. రైతు ఏ మొక్క నాటాలో కూడా అదే చెబుతుంది. దూరాన గిరాకీ ఉన్న బంగినపల్లి వైపు మనసు లాగితే, పెరట్లో రసం చెట్టు ఏమవ్వాలి?

దానికి మందు మన చేతుల్లోనే ఉంది. వరిగడ్డిలో మాగిన చిన్న రసం తినాలంటే అది మన దగ్గరికి రానక్కర్లేదు. ఈ వేసవిలో పిల్లల్ని తీసుకుని మనమే నూజివీడు వెళ్దాం. విజయవాడ నుంచి గంటా, గంటన్నర!