ఎనిమిది వచ్చాయి, తొమ్మిదోది ఎప్పుడు?

మన సభ్యుల ఇళ్ళలో సంగీతమంటే చాలావరకు రెండే రకాలు. పిల్లలకు నేర్పించే కర్ణాటక సంగీతం ఒకటి, ఇంటిల్లిపాదీ వినే సినిమా సంగీతం ఒకటి. ఈ రెండూ కాని మూడో రకం ఒకటి నన్ను దాదాపు నలభై ఏళ్ళుగా పట్టుకుని వదలడం లేదు. అది జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ నగరంలో పుట్టిన ఎలెక్ట్రానిక్ సంగీతం. ఆ బృందం పేరు క్రాఫ్ట్‌వెర్క్. జర్మన్ భాషలో ఆ మాటకు విద్యుత్ కేంద్రమని అర్థం. రాయచూరులోను, నెయ్‌వేలిలోను కాపురముంటున్న మన పాఠకులకు నవ్వు రావచ్చు, థర్మల్ స్టేషనని పేరు పెట్టుకుని పాటలు కట్టేవాళ్ళు కూడా ఉంటారా అని. ఉన్నారు, 1970 నుంచీ ఉన్నారు. వాళ్ళ కొత్త పాటల ఆల్బం చివరిసారిగా వచ్చింది 2003లో. ఆ తర్వాతి దాని కోసం దేశదేశాల అభిమానులు కాచుకుని ఉన్నారు. వారిలో నేనూ ఒకణ్ణి.

ఇరవై ఏళ్ళు దాటినా రాని పాట కోసం ఈ ఎదురుచూపేమిటని మా ఇంట్లో అడుగుతూనే ఉంటారు. ఆ ప్రశ్నకు నాకు తోచిన జవాబే ఈ వ్యాసం.

కరెంటుతో కచేరీ

ముందుగా వారి సంగతి నాలుగు మాటల్లో చెబుతాను. రాల్ఫ్ హ్యుట్టర్, ఫ్లోరియన్ ష్నైడర్ అనే ఇద్దరు మిత్రులు ఈ బృందాన్ని స్థాపించారు. ష్నైడర్ మొదట్లో ఫ్లూట్ వాయించేవాడు. రానురాను మామూలు వాద్యాలను పక్కన పెట్టి, సింథసైజర్లతోను ఎలెక్ట్రానిక్ తాళవాద్యాలతోను పాటలు కట్టసాగారు. సింథసైజరంటే కరెంటు ప్రకంపనల నుంచి నాదం పుట్టించే వాద్యం. సంగీతం పాఠానికి కూర్చున్నప్పుడు మనం పెట్టుకునే ఎలెక్ట్రానిక్ శ్రుతిపెట్టె దానికి చెల్లెలి వరస. శ్రుతిపెట్టె షడ్జమ పంచమాలు పట్టి ఊరుకుంటుంది. వీళ్ళు ఆ కరెంటు చేతనే రోడ్డు మీద కారు పరుగును, పట్టాల మీద రైలు చప్పుడును, చివరకు మనిషి గొంతును కూడా పలికించారు.

1974లో వచ్చిన 'ఆటోబాన్' వారికి పేరు తెచ్చిన ఆల్బం. జర్మనీ రహదారి మీద కారులో చేసే ప్రయాణమే ఆ పాట. నిడివి ఇరవై రెండు నిమిషాలు పైమాటే. రేడియో కోసం దాన్ని మూడు నిమిషాలకు కుదిస్తే, 1975లో అమెరికాలో సైతం వినబడింది. 1977లో 'ట్రాన్స్ యూరప్ ఎక్స్‌ప్రెస్', 1978లో 'మాన్ మెషీన్', 1981లో 'కంప్యూటర్ వరల్డ్' వచ్చాయి. 1982లో న్యూయార్కు యువకులు ఆ రైలు పాట బాణీని, కంప్యూటర్ పాట లయను కలిపి 'ప్లానెట్ రాక్' అనే పాట చేసుకున్నారు. ఈనాడు మన పెళ్ళి ఊరేగింపుల్లో డీజే పెట్టెలు దడదడలాడించే లయలకు ఈ డ్యూసెల్‌డార్ఫ్ వారు ముత్తాతల వంటివారని చెప్పవచ్చు.

నేను బెంగుళూరులో బ్యాంకు ఉద్యోగిగా ఉన్న రోజుల్లో, 1986లో, విదేశం వెళ్ళివచ్చిన సహోద్యోగి ఒకరు 'కంప్యూటర్ వరల్డ్' కాసెట్టు ఇచ్చారు. అప్పట్లో బ్యాంకుల్లో కంప్యూటర్లు వద్దని యూనియన్లు ఆందోళన చేస్తున్నాయి. పగలంతా లెడ్జర్లు కూడుతూ, సాయంత్రం గేటు మీటింగులో నినాదాలిచ్చి, రాత్రి ఇంటికొచ్చి ఆ కాసెట్టు పెట్టుకునేవాణ్ణి. జేబు కాలిక్యులేటర్ మీద ఒక పాట, ఉత్త అంకెల మీద ఒక పాట. మేం భయపడుతున్న దానినే వాళ్ళు తొణక్కుండా, కొంచెం దిగులుగా, కొంచెం ముచ్చటగా పాడుతున్నారు. మా ఆఫీసులో నలుగురం ఆ కాసెట్టుకు నకళ్ళు తీసుకున్నాం. ఒకాయనది తమిళం, ఒకాయనది కన్నడం, ఇంకొకాయన పూనా నుంచి బదిలీ మీద వచ్చిన మరాఠీ ఆయన, నేను తెలుగువాణ్ణి. మా నలుగురికీ రాని భాష జర్మన్ ఒక్కటే.

వాయిదాల మీద వాయిదాలు

అప్పటి నుంచీ మాకు ఎదురుచూపే పనయింది. ఈ బృందం చరిత్ర తిరగేస్తే సగం వాయిదాలే కనబడతాయి.

1983లో 'టెక్నో పాప్' పేరుతో ఆల్బం వస్తుందని కంపెనీ ప్రకటించింది. దానికి క్రమసంఖ్య కూడా ఇచ్చారు. తీరా చూస్తే రాలేదు. ఆ రోజుల్లోనే హ్యుట్టర్ సైకిలు మీంచి పడి ఆస్పత్రిలో చేరాడు. వీళ్ళకు సైకిలంటే సంగీతంతో సమానమైన పిచ్చి. చివరకు ఆ ఆల్బం 1986లో 'ఎలెక్ట్రిక్ కఫే' అనే వేరే పేరుతో వచ్చింది. 2009లో పాత ఆల్బంలన్నిటినీ శుభ్రం చేసి మళ్ళీ విడుదల చేసినప్పుడు దానికి తిరిగి 'టెక్నో పాప్' అనే పేరే పెట్టారు. పుట్టినప్పుడు అనుకున్న పేరు ఇరవై ఆరేళ్ళకు దక్కిందన్నమాట.

1991లో 'ది మిక్స్' వచ్చింది. కొత్తవనుకుని ఆశపడితే అన్నీ పాత పాటలే, కొత్త యంత్రాల మీద మళ్ళీ చేసినవి. 1997లో ఇంగ్లండులోని లూటన్ దగ్గర జరిగిన ఉత్సవంలో అంతకుముందు ఎవరూ వినని బాణీ వినిపించారు. ఇదిగో కొత్త ఆల్బం వస్తోందని అభిమానులు సంబరపడిపోయారు. దొంగచాటుగా రికార్డు చేసిన టేపులు చేతులు మారాయి. ఆల్బం మాత్రం రాలేదు.

టూర్ డి ఫ్రాన్స్ అనే సైకిలు పందెం 1903లో మొదలైంది. 2003లో దాని శతవార్షికోత్సవానికి వీళ్ళు ఒక ఆల్బం సంకల్పించారు. పందెం జూలై నెలాఖరుకు ముగిసింది. ఆల్బం ఆగస్టులో విడుదలైంది. అప్పగింతలయ్యాక వచ్చిన మేళమంటే ఇదే కదా! అయినా జర్మనీలో అది మొదటి స్థానానికి చేరింది. సైకిలు తొక్కేవాడి ఊపిరి, గుండె చప్పుడు అందులో తాళంగా నడుస్తాయి. పదిహేడేళ్ళ నిరీక్షణ తర్వాత చేతికందిన పూర్తి కొత్త ఆల్బం అది. దాంతో ఎనిమిది అయ్యాయి. 'ఆటోబాన్'కు ముందు మరో మూడున్నాయి గాని, వాటిని వాళ్ళే లెక్కలో వేసుకోరు.

ఆ తర్వాత కొత్త ఆల్బం సంగతి అడిగిన విలేఖరులకు హ్యుట్టర్ త్వరలోనే అన్న ధోరణిలో జవాబిచ్చిన సందర్భాలున్నాయి. ఈలోగా 2012 ఏప్రిల్లో న్యూయార్కులోని ఆధునిక కళల మ్యూజియంలో ఎనిమిది రాత్రులు, రాత్రికొక ఆల్బం చొప్పున కచేరీలు చేశారు. 2013 ఫిబ్రవరిలో లండన్‌లోని టేట్ మోడర్న్‌లో అదే పద్ధతి. ఆ టిక్కెట్ల కోసం జనం ఒక్కసారిగా ఎగబడేసరికి అమ్మకపు ఏర్పాటే కుప్పకూలింది. పాత పాటలకే అంత గిరాకీ. 2017లో ఆ కచేరీల రికార్డింగులను వెలువరించారు. దానికి 2018లో గ్రామీ పురస్కారం వచ్చింది. కొత్త పాట మాత్రం లేదు.

కాలం ఎవరి కోసమూ ఆగదు. ష్నైడర్ 2008లోనే బృందం నుంచి తప్పుకున్నాడు. 2020 ఏప్రిల్లో, లోకమంతా తలుపులు వేసుకుని కూర్చున్న రోజుల్లో, డెబ్భై మూడేళ్ళ వయసులో కన్నుమూశాడు. అంతకు ఏడాది ముందే మా పూనా మిత్రుడు పోయారు. పదవీ విరమణ చేసి సొంత ఊరు చేరాక కూడా ప్రతి కొత్త సంవత్సరం రోజున ఫోన్ చేసి, శుభాకాంక్షలకు ముందు "ఈ ఏడైనా వస్తుందంటారా?" అని అడిగేవారు. "వస్తుంది లెండి" అనేవాణ్ణి. ఆ ఫోన్ రాని మొదటి జనవరి ఒకటిన, ఎదురుచూపనేది పాట ఒక్కదాని కోసమే కాదని నాకు తెలిసివచ్చింది.

అక్కయ్య అడిగిన మాట

మా అక్కయ్య మద్రాసులో ముప్ఫై ఏళ్ళుగా గాత్రం పాఠాలు చెబుతోంది. వేసవికి మా ఇంటికి వచ్చినప్పుడు, యంత్రాల సంగీతంలో రాగమెక్కడుంటుందిరా అని వాదానికి దిగింది. ఆవిడకు ముందు చరణ్‌జిత్ సింగ్ రికార్డు వినిపించాను. ఆయన బొంబాయిలో హిందీ సినిమా పాటలకు వాయించే వాద్యకారుడు. 1982లో సింథసైజర్, యాంత్రిక తాళం పెట్టుకుని పది హిందుస్తానీ రాగాలు వాయించి రికార్డు ఇచ్చాడు. పట్టించుకున్నవారు తక్కువ. 2010లో హాలండు వారు మళ్ళీ అచ్చువేస్తే పాశ్చాత్య దేశాల కుర్రకారు విస్తుపోయారు. వయసు మళ్ళాక ఆయన విదేశాల్లో కచేరీలు చేసి, 2015లో పోయాడు. అభిమానులు ఆల్బం కోసం కాచుకోవడం మా కథ. ఆల్బమే అభిమానుల కోసం ఇరవై ఎనిమిదేళ్ళు కాచుకోవడం ఆయన కథ.

భూపాలీ మొదలవగానే అక్కయ్య "మన మోహనమే కదరా" అంది. మాల్‌కౌన్స్ వచ్చేసరికి "హిందోళం" అని తల ఊపింది. ఆ మెత్తదనం చూసి క్రాఫ్ట్‌వెర్క్ సంగతి ఎత్తాను. కొత్తది రావడం లేదని నా బాధంతా చెప్పుకున్నాను.

"ఒరేయ్, త్యాగరాజస్వామి కొత్త కీర్తన ఇచ్చి ఎన్నాళ్ళయింది?" అంది.

"అదేమిటక్కయ్యా, ఆయన 1847లోనే సిద్ధి పొందారు కదా."

"మరి ఏటేటా పుష్య బహుళ పంచమికి తిరువయ్యారు ఎందుకు పోతున్నాం? అవే అయిదు కీర్తనలు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ. ఏడాది పొడుగునా కాచుకుని ఉంటాం. కొత్త కీర్తన రాలేదని ఎవరైనా తిరిగొచ్చేశారా?"

నాకు వెంటనే జవాబు తోచలేదు. ఆలోచించిన కొద్దీ 'రేడియో యాక్టివిటీ' పాట గుర్తుకొచ్చింది. 1975లో అది రేడియో తరంగాల మీద, అణుధార్మికత మీద కట్టిన ప్రశాంతమైన పాట. 1991 నాటికి అందులో చెర్నోబిల్, హిరోషిమా పేర్లు చేరాయి, అణుధార్మికత ఆగాలన్న పిలుపు చేరింది. 2011లో ఫుకుషిమా ప్రమాదం జరిగాక, 2012 జూలైలో జపానులో అణువిద్యుత్తుకు వ్యతిరేకంగా జరిగిన కచేరీలో ఆ పాటకే జపనీస్ మాటలు చేర్చి పాడారు. ఆ మాటలు కూర్చడంలో జపాను స్వరకర్త రుయిచి సకమోటో సాయపడ్డాడు. పాట అదే, బాణీ అదే. కాని 1975లో విన్నవాడు 2012లో విన్నది పాత పాట కాదు. మన విద్వాంసులు అదే పల్లవికి ఏటా కొత్త సంగతులు వేస్తే కొత్త కచేరీ అంటాం. వాళ్ళది కూడా ఆ మార్గమేనేమో.

అక్కయ్య మాట ఎంత సబబుగా ఉన్నా, నేను పూర్తిగా ఒప్పుకోలేదు. త్యాగరాజస్వామి లేరు, హ్యుట్టర్ ఉన్నాడు. ఉన్నవాడి దగ్గర ఇంకా చెప్పని మాట ఉందని ఆశపడే హక్కు విన్నవాడికి ఉంటుంది. మన చేతుల్లో ఫోన్లు, మన మాటకు జవాబిచ్చే యంత్రాలు వచ్చిన ఈ కాలం గురించి, 1981లోనే కంప్యూటర్ ప్రపంచాన్ని పాడినవాడు ఏమంటాడో వినాలని నా కోరిక. ఇన్నేళ్ళూ నేను కాచుకున్నది అందుకే. ఆయన పుట్టింది 1946 ఆగస్టులో. 2026తో ఎనభై నిండుతాయి. ఇది తొందరపెట్టాల్సిన వయసూ కాదు, వాయిదా వేయాల్సిన వయసూ కాదు.

పాఠకులకు నా మనవి ఒక్కటే. మీ ఇంట్లో అబ్బాయో అమ్మాయో చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఎవరిదో పాట కోసం రోజులు లెక్కపెడుతుంటే విసుక్కోకండి. పక్కన కూర్చుని, పాతది ఒకటి వినిపించమని అడగండి. ఈ బృందాన్నే వినదలిస్తే 'ట్రాన్స్ యూరప్ ఎక్స్‌ప్రెస్'తో మొదలుపెట్టండి. సొంత ఊరికి రాత్రి రైలెక్కి వెళ్ళి వచ్చే మనబోటి కుటుంబాలకు ఆ చక్రాల చప్పుడు కొత్త కాదు. తొమ్మిదోది వచ్చిన రోజున మా మిగతా ముగ్గురిలో ముందుగా తెలిసినవారు మిగిలిన ఇద్దరికీ ఫోన్ చెయ్యాలని ఒప్పందం. ఆ తర్వాత పూనాకు కూడా ఒక ఫోన్ చెయ్యాలి. ఆయన శ్రీమతి గారికి పాటలతో పని లేదు గాని, సంగతి తెలియజేయమని చెప్పి ఉంచారు.