లఘువూ, గురువూ, రాకెట్టూ

ముత్తుకూరులో కాపురముండే మాబోటివాళ్లకు రాకెట్టు వింత కాదు. శ్రీహరికోటలో ప్రయోగం వున్నదంటే పిల్లలు మేడెక్కి దక్షిణం వైపు చూస్తారు. నిప్పుచుక్క, దాని వెనక పొగచార, అంతే. నేను కాలేజీలో తెలుగు చెప్పుకునేవాణ్ణి, నాకు తెలిసిన లఘువు గురువులు ఛందస్సులోవి. అయినా ఈ గురువు సంగతి కూడా కాస్త విచారించాను.

1980 జులై 18న లేచిన ఎస్.ఎల్.వి-3 బరువు 17 టన్నులు. అది మోసిన రోహిణి ఉపగ్రహం 35 కిలోలు! కిలో సరుక్కి సుమారు 485 కిలోల రాకెట్టన్నమాట. ఎందుకింత? కాలినడకన కాశీకి పోయేవాడు దారిబత్తెం కట్టుకుంటాడు. అది మొయ్యడానికి కూలివాడు, ఆ కూలివాడికి మళ్లీ బత్తెం. రాకెట్టు మోసేది చాలావరకు తన ఇంధనాన్నే.

ఇప్పుడు జనం 'బాహుబలి' అంటున్న ఎల్.వి.ఎం-3 బరువు 640 టన్నులు. 2025 డిసెంబరు 24న అది 6,100 కిలోల అమెరికా ఉపగ్రహాన్ని మోసింది. కిలోకి 105 కిలోలే! ఈ పొదుపులో పెద్ద పాలు క్రయోజెనిక్ ఇంజనుది. ఆ విద్య ఇస్తామన్న రష్యా, అమెరికా ఒత్తిడితో 1993లో వెనక్కు తగ్గింది. మనవాళ్లు సొంతంగా చేసి, 2014 జనవరి 5న నెగ్గారు. ఇరవయ్యేళ్లు పట్టింది మరి.

అయినా 5,854 కిలోల జీశాట్-11ను 2018లో దక్షిణ అమెరికాలోని కౌరూ నుంచి పంపవలసివచ్చింది. అది చేరవలసిన పైకక్ష్యకు మన రాకెట్టు నాలుగు టన్నులే మొయ్యగలదు. ఇంటిముందే రేవుండి పరాయి రేవులో పడవెక్కడమంటే ఇదే. 2025 నవంబరు 2న 4,410 కిలోల దాన్ని ఇక్కణ్ణించే పంపారు.

చంద్రుడికి మనుషుల్ని మోసిన శాటర్న్-5 సుమారు 2,900 టన్నులు. 2023లో మొదటిసారి ఎగిరిన స్టార్‌షిప్ 5,000 టన్నులు. వాటి పక్కన మన బాహుబలి పసివాడే. 30 టన్నులు మోసే కొత్త రాకెట్టుకు 2024లో అనుమతి వచ్చింది. దానికోసం శ్రీహరికోటలో మూడో ప్రయోగవేదికకు 2025 జనవరిలో సుమారు 3,985 కోట్లు మంజూరైంది.

ఒక్కమాట. కాలిపోయిన అంచెలు సముద్రంలో పడతాయి. అందుకే ప్రయోగంనాడు ఆ మేరకు పడవలు పోరాదని జాలర్లకు హెచ్చరిక. ఆ రోజు వల తడవని ఇంట్లో పొయ్యి వెలగడం కష్టం. వేదికలు పెరిగి ప్రయోగాలు పెరిగితే అలాంటి రోజులూ పెరుగుతాయి. కోట్ల లెక్కలో పట్టపుపాలేల కూలీ లెక్క కూడా ఒక పద్దు వేస్తే బాగుండును.