ఏటవాలు గీతల్లో సినిమా

"సార్, పాత వీడియో క్యాసెట్లకు ఆన్‌లైన్‌లో లక్షలిస్తున్నారట. మా ఇంట్లో అట్టపెట్టె నిండా ఉన్నాయి. అమ్మితే నిజంగా డబ్బులొస్తాయా?" అయస్కాంతత్వం పాఠం మధ్యలో పదో తరగతి పిల్లవాడు అడిగిన ప్రశ్న ఇది. జవాబు రెండు మాటల్లో చెప్పేయొచ్చు. కానీ క్యాసెట్‌కి విలువ ఎక్కడి నుంచి వస్తుందో, ఎలా పోతుందో తెలియాలంటే డెక్ మూత విప్పి చూడాల్సిందే. అందుకని నా దగ్గరున్న పాత వి.సి.ఆర్.ని తరగతికి తీసుకెళ్ళి, మూత తీసి, పిల్లల్ని దూరంగా నిలబెట్టి నడిపించాను. క్యాసెట్ లోపలికి దిగగానే రెండు గైడ్ రోలర్లు టేపును బయటికి లాగి, పక్కకి ఒరిగినట్టున్న ఓ మెరిసే డ్రమ్ము చుట్టూ తిప్పాయి. పిల్లల కళ్ళన్నీ ఆ డ్రమ్ము మీదే. ఆ పెట్టెలో చూడాల్సిన వస్తువు కూడా అదే.

ముందు పాటల క్యాసెట్ సంగతి చూద్దాం. టేపు రికార్డరులో హెడ్ కదలదు. టేపే దాని ముందు నుంచి సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున జారుతుంది. మన చెవికి అందే అతి సన్నని శబ్దం, అంటే సెకనుకు 20,000 కంపనాలు, దాని మీద రాస్తే ఒక్కో తరంగం సుమారు 2.4 మైక్రాన్ల పొడవుంటుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. టేపు పూతలోని ఐరన్ ఆక్సైడ్ రేణువులు అంతకన్నా చిన్నవి కాబట్టి పని జరిగిపోతుంది. బొమ్మతో అలా కుదరదు. మన వి.హెచ్.ఎస్. టేపు మీద బొమ్మలోని వెలుగునీడలు రాయడానికి సెకనుకు 48 లక్షల కంపనాల దాకా కావాలి. పాటల క్యాసెట్ వేగంతోనే రాస్తే తరంగం పొడవు మైక్రానులో నూరో వంతు అవుతుంది. పూతలోని రేణువే దానికంటే ఎన్నో రెట్లు పెద్దది. అలను మోయాల్సిన రేణువు అలకన్నా పెద్దదైతే రాత అసాధ్యం.

అలాగైతే టేపును వేగంగా లాగితే సరిపోదా? మొదట అందరికీ తట్టిన ఆలోచన అదే. బి.బి.సి. ఇంజనీర్లు 'వెరా' అనే యంత్రంలో టేపును సెకనుకు 200 అంగుళాలు, అంటే 5 మీటర్ల పైచిలుకు పరుగెత్తించారు. బండి చక్రమంత రీలు పెడితే పావుగంట కార్యక్రమం వచ్చేది. ఆ యంత్రం 1958లో ప్రసారానికి సిద్ధమయ్యేసరికే కాలం దాన్ని దాటిపోయింది. అమెరికాలో ఆంపెక్స్ కంపెనీ రెండేళ్ళ ముందే, 1956 ఏప్రిల్‌లో, షికాగోలో వేరే దారి చూపించింది.

చార్లెస్ గిన్స్‌బర్గ్ నడిపిన ఆ చిన్న బృందంలో రే డాల్బీ అనే కుర్రవాడు కూడా ఉన్నాడు. తర్వాతి కాలంలో సినిమా హాళ్ళలో మనం చూసిన డాల్బీ పేరు అతనిదే. వాళ్ళు టేపును నెమ్మదిగానే పోనిచ్చి, హెడ్‌ని తిప్పారు. నిమిషానికి 14,400 చుట్లు తిరిగే చక్రం అంచున నాలుగు హెడ్లు పెట్టి, రెండంగుళాల వెడల్పు టేపు మీద అడ్డంగా గీతలు గీయించారు. పొడుగాటి పొలంలో ఒకే సాలు వేసుకుంటూ పోకుండా గట్టు నుంచి గట్టుకు అడ్డసాళ్ళు వేస్తే చిన్న చెక్కలోనే ఎన్నో సాళ్ళు పట్టినట్టు, కొద్దిపాటి టేపులోనే ఎంతో బొమ్మ పట్టింది. టేపు సెకనుకు 15 అంగుళాలే కదిలినా, హెడ్‌కీ టేపుకీ మధ్య వేగం సెకనుకు 40 మీటర్ల దాకా వచ్చింది. వేగం ఎవరిదైనా కావొచ్చు, ఇద్దరి మధ్య ఉంటే చాలన్న ఈ ఒక్క ఊహ నుంచే వీడియో యుగం పుట్టింది.

కానీ ఆ యంత్రం ఓ బీరువా అంత. ఒక్కో అడ్డగీతలో బొమ్మలోని కొద్ది లైన్లే పట్టేవి కాబట్టి, ముక్కల్ని అతుకు కనిపించకుండా కలపడానికే బోలెడు సర్క్యూట్లు కావాలి. మన ఇళ్ళలోకి వచ్చింది దాని తర్వాతి ఉపాయం, ఏటవాలు రాత. జర్మనీలో టెలిఫుంకెన్, జపాన్‌లో తోషిబా ఇంజనీర్లు 1950లలోనే ఈ దారి పట్టారు. దీనంత అందమైన లెక్క ఇంట్లో వాడే యంత్రాల్లో నేను మరొకటి చూడలేదు. తీరిగ్గా చెప్పాలని ఉంది.

వి.హెచ్.ఎస్. డ్రమ్ము వ్యాసం 62 మిల్లీమీటర్లు. చుట్టుకొలత సుమారు 195. మన దేశంలో వాడిన పాల్ అనే టీవీ పద్ధతిలో అది సెకనుకు 25 సార్లు తిరుగుతుంది. గుణిస్తే హెడ్ వేగం సెకనుకు 4.87 మీటర్లు. టేపు కూడా అదే దిశలో సెకనుకు 23.39 మిల్లీమీటర్లు కదులుతుంది కాబట్టి ఆ కాస్తా తీసేయాలి. సుమారు 4.85 మీటర్లు మిగులుతుంది. ఈ వేగంతో 48 లక్షల కంపనాలు రాస్తే ఒక్కో తరంగం సుమారు ఒక మైక్రాన్. రేణువులు భరించగల పొడవే. ఇదే వేగం టేపును లాగి సాధించాలంటే మూడు గంటల సినిమాకు 52 కిలోమీటర్ల టేపు కావాలి, హైదరాబాద్ నుంచి భువనగిరి దాకా పరిచేంత. మన ఇ-180 క్యాసెట్‌లో ఉన్నది సుమారు 255 మీటర్లు.

డ్రమ్ము మీద ఎదురెదురుగా రెండు హెడ్లుంటాయి. టేపు డ్రమ్మును సగం చుట్టి వెళుతుంది. కాబట్టి ఒక హెడ్ టేపును వదిలే క్షణానికి రెండోది అందుకుంటుంది. డ్రమ్ము సుమారు 6 డిగ్రీలు వాలి ఉంటుంది. అందుకే హెడ్ టేపు కింది అంచు దగ్గర మొదలై, దాదాపు 97 మిల్లీమీటర్ల పొడవున ఏటవాలుగా పైకెక్కి వదిలేస్తుంది. ఒక్కో గీతలో టీవీ బొమ్మలోని ఒక పూర్తి ఫీల్డు, అంటే సగం బొమ్మ, ఇమిడిపోతుంది. అతుకులన్నీ తెర అంచుకు పోతాయి. పాత క్యాసెట్‌ని కంప్యూటరులోకి ఎక్కించినవాళ్ళు బొమ్మ అడుగున చిరిగినట్టుండే సన్నని పట్టీ చూసే ఉంటారు. ఒక హెడ్ నుంచి రెండో హెడ్‌కి మారే చోటు అది. పాత టీవీలు బొమ్మ అంచుల్ని ఫ్రేము వెనక దాచేసేవి కాబట్టి అప్పట్లో మన కంట పడలేదు.

మరో లెక్క చూడండి. సెకనుకు 50 గీతలు. ఒక్కో గీతకు టేపు 0.468 మిల్లీమీటర్లు జరుగుతుంది. ఆ జరుగుడును 6 డిగ్రీల వాలుతో లెక్కిస్తే గీతకీ గీతకీ దూరం 49 మైక్రాన్లు. వి.హెచ్.ఎస్. ట్రాక్ వెడల్పు సరిగ్గా అదే. గీతల మధ్య వెంట్రుకవాసి ఖాళీ కూడా వదలలేదు. అలాగైతే హెడ్ కాస్త పక్కకు జరిగితే పొరుగు గీతలోని బొమ్మ కలిసిపోదా?

కలవదు. హెడ్ అంటే మధ్యలో అతిసన్నని చీలిక ఉన్న చిన్న విద్యుదయస్కాంతం. రెండు హెడ్ల చీలికల్నీ చెరో వైపు 6 డిగ్రీలు వంచారు. రెంటి మధ్య తేడా 12 డిగ్రీలు. ఒక హెడ్ రాసినదాని మీదికి రెండో హెడ్ వెళితే, 49 మైక్రాన్ల వెడల్పులో దాని చీలిక పది తరంగాలకు పైగా అడ్డంగా కోస్తుంది. ఉత్తరాలూ దక్షిణాలూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. హెడ్‌కి వినిపించేది దాదాపు శూన్యం. తన సొంత రాతను మాత్రం స్పష్టంగా చదువుతుంది. బల్ల మీద రెండు దువ్వెనలు కాస్త వంకరగా ఒకదాని మీద ఒకటి పెట్టించి ఈ విషయం చెప్పగానే వెనక బెంచీ కూడా అందుకుంది. రంగుల సిగ్నల్ మాత్రం తక్కువ పౌనఃపున్యంలో ఉంటుంది, దాని తరంగాలు పొడవు. ఈ వంపు దాన్ని పూర్తిగా ఆపలేదు. దానికోసం వేరే ఏర్పాటు చేశారు, అది మరో వ్యాసమంత కథ.

హెడ్ సరైన గీత మీదే దిగాలి కదా. అందుకు టేపు కింది అంచున సెకనుకు 25 గుర్తులు వేసి ఉంటాయి. వాటిని చూసుకుంటూ మోటారు తన నడక దిద్దుకుంటుంది. ఒకరి డెక్‌లో రికార్డు చేసిన క్యాసెట్ ఇంకొకరి డెక్‌లో వేస్తే బొమ్మ మీద చుక్కల పట్టీలు పరుగెత్తడం, ట్రాకింగ్ మీట తిప్పగానే సర్దుకోవడం ఆ తరంవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. మీట చేసేదల్లా ఆ గుర్తులకూ హెడ్‌కీ మధ్య కాలాన్ని కాస్త ముందుకో వెనక్కో జరపడమే. పాజ్ నొక్కితే టేపు ఆగుతుంది గానీ డ్రమ్ము ఆగదు. రెండు హెడ్లూ కలిసి అదే చోటును సెకనుకు 50 సార్లు రుద్దుతాయి. కొద్ది నిమిషాలకు డెక్ తనంతట తానే ఆగిపోవడం ఆ టేపును కాపాడటానికే.

ఇక బీటామ్యాక్స్‌తో పోరు. సోనీ 1975లో బీటామ్యాక్స్ తెచ్చింది. మరుసటి ఏడాది జె.వి.సి. వి.హెచ్.ఎస్. తెచ్చింది. బీటా డ్రమ్ము పెద్దది, హెడ్ వేగం ఎక్కువ, బొమ్మ కాస్త మెరుగు. కానీ మొదటి బీటా క్యాసెట్ పట్టింది గంటే. వి.హెచ్.ఎస్. రెండు గంటలు పట్టింది. సినిమా మొత్తం ఒకే క్యాసెట్‌లో రావాలన్నది జె.వి.సి. ఇంజనీర్లు యూమా షిరాయిషి, షిజువో తకానో పెట్టుకున్న పట్టుదల. పైగా జె.వి.సి. తన పద్ధతిని ఇతర కంపెనీలతో ధారాళంగా పంచుకుంది. మూడు గంటల తెలుగు సినిమా ఒక ఇ-180లో సరిపోయిందంటే ఆ పట్టుదల వల్లే. 1988లో సోనీయే వి.హెచ్.ఎస్. డెక్‌లు చేయడం మొదలుపెట్టింది.

తర్వాతి కథ తెలిసిందే. 1982 ఏషియాడ్ నాటి నుంచి మన దగ్గర డెక్‌లు పెరిగాయి, వీధికో వీడియో షాపు వచ్చింది. తర్వాత సీడీ, డీవీడీ వచ్చాయి. 2016 జులైలో జపాన్ కంపెనీ ఫునాయ్ వి.సి.ఆర్.ల తయారీ ఆపేసింది. ప్రపంచంలో వాటిని తయారుచేస్తున్న చివరి కంపెనీ అదేనని అప్పుడు వార్తలొచ్చాయి.

ఇప్పుడు పిల్లవాడి ప్రశ్నకు వద్దాం. లక్షల మాట అబద్ధం కాదు. 2022లో అమెరికాలో 'బ్యాక్ టు ద ఫ్యూచర్' సినిమా క్యాసెట్ వేలంలో 75,000 డాలర్లు పలికింది. అప్పటి లెక్కలో 58 లక్షల పైమాట. అయితే అది సీలు తీయని క్యాసెట్, పైగా ఆ సినిమాలో నటించిన టామ్ విల్సన్ సొంతది. కొన్నవాళ్ళకు కావాల్సింది లోపలి బొమ్మ కాదు, చెక్కుచెదరని పెట్టె. డిస్నీ 'బ్లాక్ డైమండ్' క్యాసెట్లకు వేల డాలర్లని కనిపించే ధరలు వేరే సంగతి. అవి అమ్మేవాళ్ళు అడుగుతున్న ధరలు. లక్షల్లో ముద్రించిన ఆ క్యాసెట్లు నిజంగా అమ్ముడయ్యేది చాలావరకు కొద్ది డాలర్లకే. అందుకే అడిగిన ధర కాదు, అమ్ముడైన ధర చూడాలి.

వాడిన తెలుగు సినిమా క్యాసెట్‌కి అదీ కష్టమే. అందులోని సినిమా చాలావరకు ఇంకా మంచి బొమ్మతో ఫోన్‌లోనే దొరుకుతోంది. విదేశంలో కొనేవాళ్ళుంటే పద్ధతి అడ్డొస్తుంది. మనది పాల్, అమెరికాది ఎన్.టి.ఎస్.సి. అక్కడి డ్రమ్ము నిమిషానికి 1,800 చుట్లు తిరుగుతుంది, ఇక్కడిది 1,500. క్యాసెట్ అక్కడి డెక్‌లో చక్కగా దూరుతుంది గానీ బొమ్మ సరిగా రాదు. మన పెళ్ళి క్యాసెట్లు అమెరికాలో ఉన్న బంధువులకు పంపేముందు మార్పిడి చేయించాల్సి వచ్చింది అందుకే. అమ్మేవాళ్ళు ఏ పద్ధతో తప్పకుండా రాయాలి.

మరెక్కడా ప్రతి లేని రికార్డింగు విలువ వేరు. 1967లో జరిగిన మొదటి సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్) మ్యాచ్‌ని రెండు అమెరికన్ టీవీ సంస్థలు ప్రసారం చేశాయి, రెండూ టేపును దాచుకోలేదు. పెన్సిల్వేనియాలో ఒకాయన రికార్డు చేసిన రెండంగుళాల టేపులు దశాబ్దాల తర్వాత అటక మీద దొరికాయి. టేపు ఆ కుటుంబానిది, మ్యాచ్ హక్కులు ఫుట్‌బాల్ లీగువి కావడంతో బేరం కుదరలేదు గానీ, మాట పది లక్షల డాలర్ల దాకా వెళ్ళింది. ఫిలడెల్ఫియాలో మేరియన్ స్టోక్స్ అనే మహిళ 2012లో చనిపోయేదాకా మూడు దశాబ్దాలకు పైగా ఇంట్లో టీవీ వార్తలు రికార్డు చేశారు. సుమారు 70 వేల క్యాసెట్లు. ఇప్పుడవి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో భద్రంగా ఉన్నాయి. మన ఇళ్ళలోనూ దూరదర్శన్ ప్రసారాల నుంచి పట్టుకున్న నాటకాలు, కచేరీలు, ఊరి ఉత్సవాల షూటింగులు ఉండొచ్చు. అలాంటి క్యాసెట్‌కి మరో ప్రతి ఎక్కడా ఉండకపోవచ్చు.

వాటికి శత్రువు తేమ. రేణువుల్ని పట్టి ఉంచే జిగురు తేమకు విడిపోతుంది, టేపు మీద బూజు పడుతుంది. కోస్తా జిల్లాల్లో ఇది మరీ ఎక్కువ. క్యాసెట్ కిటికీలోంచి తెల్లని నూలుపోగులు కనిపిస్తే డెక్‌లో పెట్టకండి. ఆ బూజు హెడ్లకు అంటుకుంటుంది, తర్వాత వేసే ప్రతి క్యాసెట్‌కీ పాకుతుంది. ముందు శుభ్రం చేయించాలి. వెనక అంచున ఉండే రికార్డింగ్ పలక ఇంకా ఉంటే విరిచేయండి, పొరపాటున చెరిగిపోదు.

నా తీర్పు ఇది: షాపులో కొన్న సినిమా క్యాసెట్లు అమ్ముకోండి, వచ్చిందే లాభం. పనిచేసే డెక్‌కి మాత్రం ఈ రోజు పెట్టెడు క్యాసెట్లకన్నా మంచి ధర వస్తుంది. హెడ్లు అరిగిపోతే కొత్త డ్రమ్ము తయారుచేసేవాళ్ళు లేరు మరి. అయినా దాన్ని తొందరపడి అమ్మకండి. ఇంట్లో తీయించిన క్యాసెట్లన్నీ కంప్యూటరులోకి ఎక్కించి, రెండు చోట్ల దాచాకే అమ్మండి. ఆ పని ఈ వేసవి సెలవుల్లోనే, వానలు మొదలయ్యేలోపే పెట్టుకోండి.