సొరంగాలు లెక్కపెట్టే వయసులో అరకు

విశాఖ స్టేషన్లో కిరండూల్ బండి పొద్దున్న ఏడు కాకముందే కదులుతుంది. దాన్ని అందుకోవాలంటే ఇద్దరు పిల్లల్ని నాలుగున్నరకే లేపాలి. పొద్దున్నే స్వెట్టర్ చేతులతో కుస్తీ పట్టే ఓపిక లేక, ముందు రాత్రే తొడిగేసి పడుకోబెట్టాం. డిసెంబర్ ఆఖర్లో కూడా విశాఖలో స్వెట్టర్ వేసుకుని పడుకునేంత చలి ఉండదన్న సంగతి మరిచిపోయాం. ఏడేళ్ల పెద్దదీ, నాలుగేళ్లు నిండని చిన్నోడూ చెమటలు కారుతూ, చిరాకు పడుతూ లేచారు. మా అమ్మ మాత్రం మూడింటికే లేచి పులిహోర కలిపేసి, చేగోడీల డబ్బా, పాల ఫ్లాస్కు సంచిలో సర్దేసుకుని గుమ్మంలో కూర్చుంది.

అద్దాల విస్టాడోమ్ బోగీలో టిక్కెట్లు ఎప్పుడో అయిపోయాయి. సెలవుల్లో అవి దొరకడం కష్టమే. మామూలు బోగీలో కిటికీ పక్కన ఇరుక్కున్నాం. ముందు కాస్త బాధపడ్డాను గానీ, పిల్లలతో అయితే అదే మేలని ఇప్పుడు నమ్ముతున్నాను. ఏసీ అద్దాల వెనక కొండ కనిపిస్తుంది, వినిపించదు. ఇక్కడ కిటికీ ఊచల్లోంచి చల్లగాలి ముక్కు మీద కొడుతుంది. సొరంగంలోకి దూరగానే చక్రాల మోత రెట్టింపై లోపలికొచ్చేస్తుంది. ఆ చీకట్లో బోగీ అంతా, పెద్దా చిన్నా తేడా లేకుండా, ఒక్కసారిగా కేక పెడుతుంది. మొదటి సొరంగంలో మా చిన్నోడు నానమ్మ ఒళ్లో ముఖం దాచుకున్నాడు. నాలుగో దానికి కేక వేయడం నేర్చుకున్నాడు. ఆ తర్వాత వాణ్ణి ఆపడం ఎవరి తరమూ కాలేదు.

ఈ పట్టాలు పర్యాటకుల కోసం వేసినవి కావు. 1960ల్లో, బైలడిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపాన్‌కు ఓడల్లో పంపడానికి కొత్తవలస నుంచి కిరండూల్ దాకా తూర్పు కనుమల్ని తొలిచి వేశారు. మార్గం మొత్తానికి 58 సొరంగాలు. ఇప్పటికీ ఖనిజం బళ్లదే రాజ్యం. వాటికి దారివ్వడానికి మన బండి శివలింగపురంలోనో, త్యాడలోనో, చిమిడిపల్లిలోనో తీరిగ్గా ఆగిపోతుంది. పెద్దవాళ్లు గడియారాలు చూసుకుంటూ విసుక్కుంటారు. పిల్లలకు అదే పండగ. ఎర్రటి ధూళి పట్టిన వ్యాగన్లు ఒక్కొక్కటే పక్కనుంచి దొర్లిపోతుంటే లెక్కపెట్టడమే పని. సొరంగాల లెక్క మా పెద్దదానికి ఇరవై దాటాక తప్పింది. పులిహోర తింటూ కూర్చోవడమే కారణమని నానమ్మ మీద నేరం మోపింది.

శిమిలిగుడ స్టేషన్ బోర్డు మీద సముద్ర మట్టానికి 996 మీటర్లకు పైగా ఎత్తు అని రాసి ఉంటుంది. బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో దేశంలోకెల్లా ఎత్తయినదని ఒకప్పుడు దీనికి పేరు. రోజూ సముద్రం ఒడ్డున గవ్వలేరుకునే పిల్లకు ఆ బోర్డు చూపించి, సముద్రం ఇప్పుడు మనకు వెయ్యి మీటర్ల కింద ఉందని చెప్పాను. కిటికీలోంచి కిందికి తొంగి చూసింది. కనబడలేదంది.

చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. లగేజీ, పిల్లలతో సహా బొర్రా గుహల స్టేషన్లో దిగిపోయి, అవి చూసుకుని, జీపెక్కి, దారిలో కనబడ్డ ప్రతి జలపాతం దగ్గరా దిగి, చీకటి పడ్డాక అరకు చేరతారు. అప్పటికి పిల్లలు ఏడుస్తుంటారు, పెద్దవాళ్లు పోట్లాడుకుంటుంటారు. మేము నేరుగా అరకులో దిగి, అన్నం తిని, నిద్రపోయాం. రెండు రాత్రుల ప్రయాణంలో ఒక పూట నిద్రకు పోవడం దండగ అనిపించవచ్చు. నాలుగేళ్లలోపు పిల్లాడితో వెళ్లినవాళ్లెవరూ అలా అనరు.

అరకులో ఎండ తొందరగా కొండ వెనక్కి జారిపోతుంది. సాయంత్రం అయిదయ్యేసరికి చలి పాదాల నుంచి పైకి పాకడం మొదలెడుతుంది. స్వెట్టర్లు, మంకీ క్యాప్‌లు అందరూ తెచ్చుకుంటారు. పిల్లలకు రెండేసి జతల మేజోళ్లు తేవడం ఎవరికీ గుర్తుండదు, మాకూ గుర్తులేదు. పైగా మేం దిగిన లాడ్జిలో వేడినీళ్లు పొద్దున ఓ గంటసేపే. సాయంత్రం పిల్లలకు స్నానాలు చేయిద్దామని బకెట్ పట్టుకుని తిరుగుతుంటే, వంటింట్లో పనిచేసే పెద్దావిడ ఆపింది.

“ఏటమ్మా, ఈ సలిలో పిల్లలకి తానాలేటి? రేపు పది దాటినాక ఎండలో కూసోబెట్టి పొయ్యండి. ఇప్పుడు కాళ్లు మాత్రం కడుగుదురు, నీళ్లు కాసి ఇస్తాను.”

కట్టెల పొయ్యి మీద కాగిన నీళ్లు, పొగ వాసనతో వచ్చాయి. ఆ రెండు రోజులూ మాకు ఆవిడ మాటే వేదం.

రాత్రి చలిమంట. అరకు వెళ్లి బొంగులో చికెన్ తినకుండా వచ్చేవాళ్లు అరుదు. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన ముక్కలు కూరి, ఆకులతో మూతి బిగించి, నిప్పుల మీద దొర్లిస్తారు. నూనె చుక్క వెయ్యరు. కారం మాత్రం పిల్లల నాలుకకు పనికిరాదు. మావాళ్లిద్దరూ అన్నం, కోడిగుడ్డుతో సరిపెట్టుకున్నారు. కానీ బొంగు చీలిన చప్పుడుకు, అందులోంచి ఎగిసిన ఆవిరికి చప్పట్లు కొట్టారు. ఖాళీ బొంగు ముక్కను చిన్నోడు పక్కలో పెట్టుకుని పడుకున్నాడు.

మర్నాడు పొద్దున తొమ్మిదిదాకా మంచు. పక్కింటి గోడ కూడా కనబడలేదు. పాడేరు వైపు వంజంగి కొండెక్కితే మేఘాలు పాలకడలిలా కాళ్ల కింద పరుచుకుంటాయి, నిజమే. కానీ అందుకు తెల్లవారుజామున చీకట్లో కొండ నడవాలి. పిల్లలు ఎదిగాక వెళ్లొచ్చు. లంబసింగి కూడా అంతే. మా పిల్లలకు ఆ పూట నోట్లోంచి పొగ వదలడమే చాలినంత వినోదమైంది.

ఎండ వచ్చాక పద్మాపురం తోటకు వెళ్లాం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనికులకు కూరగాయలు పండించడానికి పెట్టిన తోట ఇది. ఇప్పుడు గులాబీలు, చెట్ల మీద కట్టిన గుడిసెలు, చుట్టూ తిరిగే బొమ్మ రైలు. అసలు రైల్లో నాలుగు గంటలు కూర్చుని వచ్చిన పిల్లాడు బొమ్మ రైలు కోసం ఎందుకంత మారాం చేశాడో నాకు అర్థం కాలేదు. గిరిజన మ్యూజియంలో మాత్రం అనుకోకుండా చాలాసేపు ఉండిపోయాం. వంట, వేట, పెళ్లి, సంత, అన్నీ నిలువెత్తు బొమ్మలుగా ఉంటాయి. ఒకరి వీపు వెనక ఒకరు చేతులు పెనవేసుకుని వరసగా నిలబడ్డ థింసా నాట్యం బొమ్మల్ని చూసి, మా పెద్దది నానమ్మ నడుం పట్టుకుని అడుగులు వేయబోయింది. ఆవిడ మోకాళ్లు రెండడుగులకే మొరాయించాయి.

దారి పక్కన వలిసె చేలు ఇంకా అక్కడక్కడా పసుపు ఆరబోసినట్టున్నాయి. నవంబర్లో వస్తే లోయంతా ఇదే రంగు. సంక్రాంతికి వచ్చేవాళ్లకు మిగిలేది ఎండిన మోళ్లే. ఇది నూనె గింజల పంట, ఫొటోల కోసం వేసింది కాదు. అందుకే లోపలికి పోయి ఫొటోలు దిగుతామంటే రైతులు కొందరు పదో పరకో తీసుకుంటున్నారు. తొక్కిన మొక్కల ఖరీదుకు అదేమీ ఎక్కువ కాదు. పూల నిండా తేనెటీగలుంటాయి. పిల్లల్ని గట్టు మీదే నిలబెట్టడం మంచిది. చాపరాయి వాగు దగ్గరా అదే మాట. రాతి మీద నీళ్లు పలచగా జారుతూ కళ్లకు చల్లగా ఉంటుంది గానీ, ఆ నాచు మీద పెద్దవాళ్ల కాళ్లే ఆగవు. మేం ఒడ్డునే కూర్చుని జామకాయలు తిన్నాం.

మూడో రోజు కారులో కిందికి దిగుతూ గాలికొండ దగ్గర ఆగాం. అక్కణ్ణుంచి అనంతగిరి దాకా సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ తోటలు, ఆ చెట్లకు అల్లుకున్న మిరియం తీగలు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీ ఇదే. చలికాలంలో కాయ ఎర్రగా పండి, కోత సాగుతుంటుంది. కోస్తున్న ఒకామె రెండు పళ్లు పిల్లల చేతిలో పెట్టింది. పైతొక్క కింద గుజ్జు తియ్యగా ఉంటుంది. కాఫీ తియ్యటి పండని మా పెద్దదానికి అప్పుడే తెలిసింది, నాకూ అప్పుడే.

బొర్రా గుహలకు నాలుగేళ్లలోపు పిల్లల్ని తీసుకెళ్లొద్దని నా అభిప్రాయం. మెట్లు చాలా ఉన్నాయి, తడి ఎక్కువ. మధ్యలో ఎత్తుకోమంటారు. బయట కోతులు చేతిలో బిస్కెట్ ఉండనివ్వవు. మా చిన్నోణ్ణి నానమ్మతో కారులోనే ఉంచి, పెద్దదాన్ని తీసుకెళ్లాను. సున్నం కలిసిన నీటిబొట్టు పైకప్పు నుంచి రాలేటప్పుడు ఇసుమంత సున్నాన్ని అక్కడే వదిలిపోతుందనీ, అలా లక్షల ఏళ్లకు ఈ రాతి ఊడలు దిగాయనీ చెప్పాను. దానికి నచ్చిన కథ వేరే. పైనున్న కంతలోంచి ఆవు జారిపడిందట, వెతుక్కుంటూ వచ్చిన కాపరికి లోపల శివలింగం కనిపించిందట. ఆ ఆవు పొదుగు పేరుతోనే గోస్తని నది. అదే నీళ్లు కింద తాటిపూడి జలాశయంలో చేరి, విశాఖకు తాగునీరుగా కూడా వస్తాయని చెప్పేసరికి, తలెత్తి పైకప్పు చూసి, నాలుక చాపి ఒక బొట్టు కోసం చాలాసేపు నిలబడింది.

ఘాట్ మలుపుల్లో చిన్నోడు నా ఒళ్లో వాంతి చేసుకున్నాడు. పోయేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు కారు అనుకున్నవాళ్లు మార్చుకోడానికి ఒక జత బట్టలు పైకి పెట్టుకోవాలి, పెద్దవాళ్లకు కూడా. శృంగవరపుకోట చేరి కొబ్బరి బొండాల బండి దగ్గర ఆపేసరికి అందరికీ చెమటలు పట్టాయి. అమ్మ పిల్లల మంకీ క్యాప్‌లు తీసి, స్వెట్టర్లు విప్పి సంచిలో కుక్కుతుంటే, చిన్నోడు తన స్వెట్టర్ లాక్కుని మళ్లీ తొడగమని ఏడుపు మొదలెట్టాడు. అది ఒంటిమీద ఉంటే సొరంగాలు మళ్లీ వస్తాయని వాడి లెక్క. చేసేది లేక, చెమటతోనే తొడిగి కారెక్కించాం.