దేవుడిలా వచ్చాడు.. ‘పిల్లాడు’గా మిగిలాడు! మార్వెల్ బియాండర్‌ను అంతగా ఎందుకు తగ్గించారు?

థానోస్‌ను మించిన విలన్ ఎవరని మార్వెల్ కామిక్స్ పాత అభిమానులను అడిగితే చాలామంది చెప్పే పేరు బియాండర్. అయితే అతన్ని హీరోల కంటే ఎక్కువగా దెబ్బకొట్టింది రచయితలే. ఒక్కసారి కాదు, మళ్లీ మళ్లీ. అందుకు వాళ్లు వాడిన ఆయుధం పేరు ‘రెట్‌కాన్’.

అసలేంటీ రెట్‌కాన్? పాత కథ అలాగే ఉంటుంది, కానీ దాని వెనకున్న అసలు సంగతి ఇదీ అంటూ కొత్త కథలో అర్థం మార్చేస్తారు. మన సీరియల్స్‌లో ఎప్పుడో చనిపోయిన మనిషి తిరిగొచ్చి, అప్పుడు పోయింది నేను కాదు అంటాడు చూశారా.. సరిగ్గా అదే.

బియాండర్ 1984లో ‘సీక్రెట్ వార్స్’తో వచ్చాడు. మ్యాటెల్ కంపెనీ బొమ్మల కోసం జిమ్ షూటర్ రాసిన 12 సంచికల కథ అది. హీరోలను, విలన్లను ఎత్తుకెళ్లి బ్యాటిల్‌వరల్డ్ అనే గ్రహంపై పడేసి, గెలిచినవాళ్లు ఏది కోరితే అది ఇస్తానంటాడు. గ్రహాలనే తినేసే గెలాక్టస్ ఎదురెళితే ఈగను తోలినట్టు తోసేస్తాడు. అతనికి ముఖం లేదు, ఆకారం లేదు. భయమంతా అక్కడే ఉంది.

ఏడాది తిరిగేసరికి ‘సీక్రెట్ వార్స్ 2’లో అతను మనిషి రూపంలో భూమ్మీదకు దిగాడు. బాత్రూమ్ ఎలా వాడాలో కూడా స్పైడర్‌మ్యాన్ నేర్పాల్సి వచ్చింది! (జోక్ కాదు, నిజంగానే ఆ సీన్ ఉంది.) అసలు చిక్కు అది కూడా కాదు. తలచుకుంటే మృత్యువునే లేకుండా చేయగలిగేవాడు ఉంటే, మిగతా హీరోల కథలకు విలువేముంది?

షూటర్ 1987లో మార్వెల్‌ను వీడారు. మరుసటి ఏడాదే ‘ఫెంటాస్టిక్ ఫోర్’ 319వ సంచికలో స్టీవ్ ఎంగిల్‌హార్ట్ మొత్తం తిరగరాశారు. బియాండర్ అసలు సర్వశక్తిమంతుడే కాదట, పూర్తిగా తయారవ్వని కాస్మిక్ క్యూబ్‌లో సగమట! మిగతా సగం మాలిక్యూల్ మ్యాన్ దగ్గరుందన్నారు. సినిమాల్లో టెసరాక్ట్‌గా కనిపించింది ఈ క్యూబే. అంటే లోకాలను ఆడించినవాడు కాస్తా అందరికీ తెలిసిన ఓ వస్తువైపోయాడు. లెక్క సరిపోయింది కానీ, 1984లో భయపడ్డ పాఠకుడికి ఇది మింగుడుపడేది కాదు.

2007లో బ్రయాన్ మైకేల్ బెండిస్ మరో మాట చెప్పారు. బియాండర్ ఒక మ్యూటెంట్ ఇన్‌హ్యూమన్ అన్నారు. అదీ నిలవలేదు.

2015లో జోనథన్ హిక్‌మన్ చేసిందే తెలివైన పని. బియాండర్‌ను పెంచలేదు, అతని వెనకున్న జాతిని పెంచారు. ‘బియాండర్స్’ అనే ఆ జాతి లివింగ్ ట్రిబ్యునల్‌నే చంపేసింది. ప్రతి విశ్వంలోనూ ఉన్న మాలిక్యూల్ మ్యాన్ వాళ్లు పెట్టిన బాంబేనట. ఇక మన పాత బియాండర్? ఆ జాతిలో ఓ చిన్న పిల్లాడు. 1985లో అతను చేసిన చిల్లర పనులకు ఇన్నేళ్లకు కారణం దొరికింది, పోయిన భయమూ తిరిగొచ్చింది. ఆ బియాండర్స్ శక్తిని లాక్కుని డాక్టర్ డూమ్ దేవుడయ్యాడు.

‘అవెంజర్స్: సీక్రెట్ వార్స్’ సినిమాను 2027 డిసెంబర్‌కు ప్రకటించారు. డూమ్‌గా రాబర్ట్ డౌనీ జూనియర్ ఖాయం. మరి అందులో బియాండర్ ఉంటే, ఏ బియాండర్?